భీమిలి అల్యూమినియం బోటు: లీకుల కేసు ఒకటి, మొదటి నుంచి చివరిదాకా

పడవ పొడవు 14 అడుగులు. అడుగు రేకు మందం కాలిపర్‌తో కొలిస్తే 1.6 మిల్లీమీటర్లు. అంతా రివెట్ల మీద కట్టిందే, వెల్డింగ్ ఎక్కడా లేదు. ఎక్కడ తయారైందో చెప్పే ప్లేటు ఎప్పుడో ఊడిపోయింది, దాన్ని బిగించిన చిల్లులు మాత్రం మిగిలాయి. ఏదో వేలంలో మొదలై రెండు మూడు చేతులు మారి భీమిలి చేరింది. ఇప్పటి యజమాని రిటైరైన మాస్టారు ఒకాయన. గోస్తని నది సముద్రంలో కలిసే మొగకి దగ్గర్లో పడవ కట్టుకుని, స్నేహితులతో కలిసి గాలాలు వేసుకుంటూ ఉంటారు. వెనక 15 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ మోటారు.

ఆయన చెప్పిన ఫిర్యాదు ఇది: "కట్టేసి ఉంచితే రాత్రంతా చుక్క రాదు బాబూ. మోటారు స్టార్ట్ చేసి మొగ వైపు తిప్పానా, అరగంటలో చెప్పులు తేలతాయి."

రోగం ఏమిటో సగం ఈ మాటలోనే ఉంది. ఆగి ఉన్నప్పుడు రాని నీరు నడిచేటప్పుడు వస్తోందంటే ఎక్కడో రేకు ఊగుతోంది, ఊగినప్పుడల్లా అతుకు నోరు తెరుస్తోంది. కానీ మాస్టారు అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశారు. అడుగంతా వెల్డింగ్ కొట్టించేస్తే గొడవ వదిలిపోతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని పక్కన పెట్టించడానికే మొదటి పూట అంతా పట్టింది.

పడవ మా బోటు మరమ్మతుల షెడ్డుకి వచ్చింది వేట నిషేధం రోజుల్లో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరబోట్ల వేట ఆగిపోతుంది కాబట్టి విశాఖ ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల మరమ్మతులన్నీ ఆ రెండు నెలల్లోనే కుక్కుకుంటారు. మనుషులు దొరకరు, డ్రిల్లు బిట్లు దొరకవు, నీడ అసలే దొరకదు. అయినా ఈ పని ఒప్పుకున్నాను. అల్యూమినియం బోటు మా దగ్గరికి రావడం అరుదు, వచ్చినవాటిని అప్పటికే ఎవరో ఒకరు పాడుచేసి ఉంటారు.

ఎందుకు పాడుచేస్తారంటే మనవాళ్ల చేతికి అలవాటైనవి చెక్క, ఫైబర్. చెక్క పడవ సందుల్లో దూది కుక్కి పైన పుట్టీ పట్టిస్తారు. తర్వాత నీళ్లలో దించితే చెక్కే ఉబ్బి సందులు మూసుకుంటాయి. ఫైబర్ తెప్ప పగిలితే గీకి, మ్యాట్ వేసి, రెజిన్ పోస్తే ఒంట్లో ఒకటైపోతుంది. అల్యూమినియం నీళ్లలో ఉబ్బదు. తెప్పలకు వాడే మామూలు పాలియెస్టర్ రెజిన్ దానికి సరిగా అంటుకోదు. పైపైన అంటుకున్నట్టు కనిపించి, రెండు ఎండలు కాశాక గోటితో లేపితే పెచ్చులా వస్తుంది. ఈ పడవ అడుగున సరిగ్గా అలాంటి పెచ్చులే ఉన్నాయి. వాటి కింద సిలికాన్, దాని కింద ఎపాక్సీ పుట్టీ, కొన్నిచోట్ల తారు. ఒక్కో పొర ఒక్కో మెకానిక్ జ్ఞాపకం.

పరీక్ష

ముందు పడవని ఖాళీ చేశాం. ఖాళీ అంటే లోపలి ప్లైవుడ్ నేల, సీట్ల కింద ఫోమ్, వైర్లు, అన్నీ. చాలామంది ఈ మెట్టు దాటవేస్తారు. ఫోమ్ దిమ్మెలు బయటికి తీస్తుంటే ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. పొడిగా ఉంటే చిన్నపిల్లాడు ఎత్తే సరుకు అది. ఏళ్ల తరబడి నీళ్లు తాగిన ఫోమ్ పడవని తేల్చే పని మానేసి ముంచే పని చేస్తుంది. దాని బరువుకి పడవ ఇంకాస్త కిందికి దిగుతుంది, అంతకుముందు నీటికి పైనున్న రివెట్లు నీళ్లలోకి వెళ్తాయి. పైగా లోపల కనిపించే నీళ్లలో కొంత అసలు లీకే కాదు, ఫోమ్ పిండుకుంటే వచ్చింది.

ప్లైవుడ్ తీశాక రేకు మీద తెల్లటి పొడి కనిపించింది. ఇంట్లో పాత అల్యూమినియం గిన్నెలో ఉప్పునీళ్లు నిలవుంచితే వచ్చేదే. అల్యూమినియానికి తుప్పు పట్టదు అనే మాట సగమే నిజం. గాలి తగులుతూ ఉంటే దాని ఒంటి మీద ఆక్సైడ్ పొర దానంతటదే ఏర్పడి కాపాడుతుంది. తడి చెక్క కిందో, తడి కార్పెట్ కిందో గాలాడకుండా ఉప్పుతో నొక్కి పెడితే ఆ పొర తెగి, రేకులో సూది గుంటలు పడతాయి. ఒక గుంట మధ్యలో చిన్న రాగి తీగ ముక్క దొరికింది. ఎవరో లైటు వైరింగ్ చేసినప్పుడు కత్తిరించి పడేసిన ముక్క. ఉప్పునీటిలో రాగి, అల్యూమినియం ఒకదానికొకటి తగిలి ఉంటే బ్యాటరీ లెక్క పనిచేస్తాయి, కరిగిపోయేది ఎప్పుడూ అల్యూమినియమే. ఆ ముక్క ఉన్నచోట రేకు వెనక నుంచి వెలుతురు కనిపించింది. గాలం వేటకి వెళ్లేవాళ్లు సీసం గుళ్లు పడవ అడుగున దొర్లనిస్తారు, అదీ ఇలాంటి చెడ్డ అలవాటే.

తర్వాత నీటి పరీక్ష. పడవని స్టాండ్ల మీద పెట్టి లోపల నీళ్లు పోసి, బయట ఎక్కడ కారుతుందో చూడటం. వినడానికి తేలిక. నాలుగు మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న అడుగులో 10 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు పోస్తే 480 కిలోలు అవుతుంది. రెండు చివర్లా రెండు స్టాండ్లు పెట్టి అంత బరువు పోస్తే మంచి పడవ కూడా నడుం విరుచుకుంటుంది. ప్రతి రిబ్బు (రేకుకి అడ్డంగా ఉండే పక్కటెముక లాంటి బద్దె) కిందా చెక్క దిమ్మె ఆనించి, నీళ్లు కొంచెం కొంచెంగా పోశాం. బయట రేకుని పొడిగా తుడిచి సుద్దపొడి చల్లాం. చుక్క దిగిన చోట గీత పడుతుంది, అక్కడ మార్కర్‌తో సున్నా చుట్టాలి.

విశాఖలో ఈ పరీక్ష చేసేవాళ్లు ఒకటి గమనించాలి. బోరు నీళ్లు చల్లగా ఉంటాయి, మన గాలిలో తేమ ఎక్కువ. చల్లటి నీళ్లు పోయగానే రేకు బయట చెమటలా తడి పడుతుంది. అది చూసి వంద లీకులున్నాయని కంగారు పడిపోతారు. డ్రమ్ముల్లో పట్టి గాలి వేడికి వచ్చాకే ఆ నీళ్లు వాడితే ఈ అయోమయం ఉండదు.

నీళ్లు నిలబెట్టి చూస్తే దొరికినవి తక్కువే. నీళ్లు వదిలే డ్రెయిన్ ప్లగ్ చుట్టూ ఒక ఊట, కీల్ (అడుగు మధ్యలో పొడవునా ఉండే వెన్నెముక) వరుసలో కొన్ని రివెట్ల దగ్గర తడి, రాగి తీగ చేసిన చిల్లు. మాస్టారు చెప్పినట్టు చెప్పులు తేలేంత నీరు వీటితో రాదు. అప్పుడు మా కుర్రాణ్ని పడవలో నిలబెట్టి, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చమన్నాను. నేను కింద పడుకుని, రిబ్బుకీ రిబ్బుకీ మధ్య రేకుని చెక్క మీటతో పైకి నొక్కుతూ చూశాను. ముందూ వెనకా ఏమీ కాలేదు. నడిమికి వచ్చేసరికి కథ మారింది. నొక్కిన ప్రతిసారీ కీల్ పక్కన రెండు వరుసల రివెట్ల నుంచి నీరు దారాల్లా వచ్చింది, వదిలితే ఆగిపోయింది. ఆ రివెట్ల తలల చుట్టూ నల్లటి మసి చారలున్నాయి. వదులైన రివెట్ రేకుతో రాసుకుంటే వచ్చే పొడి అది. విమానాల మెకానిక్కులు దీన్ని పొగ రివెట్ అంటారు. అది కనిపిస్తే నీటి పరీక్ష లేకపోయినా ఆ రివెట్ వదులని చెప్పేయొచ్చు. ఆ వరుస చివర, రిబ్బు ముగిసే చోట, రేకులో వెంట్రుకంత పగులు కూడా ఉంది.

నడుమే ఎందుకు? లోపలికి ఎక్కి చూస్తే కారణం ఎదురుగానే ఉంది. అక్కడ ఉండాల్సిన అడ్డ బల్ల (కూర్చునే పలక) లేదు. రెండు పక్కలా గోడ రేకు మీద పాత బ్రాకెట్ల గుర్తులు, కోసేసిన అంచులు ఉన్నాయి. మాస్టారిని అడిగితే తాను కొన్నప్పటికే లేదన్నారు. పాత యజమాని ఐస్‌పెట్టె పట్టడానికి మధ్య బల్ల కోయించేశాడట.

రివెట్ల పడవలో బల్ల కూర్చోవడానికి మాత్రమే పెట్టింది కాదు. రెండు పక్క గోడల్నీ, కింద అడుగునీ కలిపి పట్టుకునే దూలం అది. అది పోతే అల తగిలిన ప్రతిసారీ గోడలు బయటికి తెరుచుకుంటాయి, అడుగు రేకు పైకీ కిందికీ కొట్టుకుంటుంది. రివెట్ చిల్లు మెల్లగా కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. తర్వాత దాని మీద ఏం పూసినా ఒక సీజనే. ఇంతకుముందు చేసిన రిపేర్లన్నీ అందుకే ఊడిపోయాయి. వాటిలో పనితనం లోపం కొంత ఉండొచ్చు, కానీ ఊగుడు ఆపకుండా ఎంత మంచి మందు పూసినా నిలిచేది కాదు.

వెల్డింగ్ ఎందుకు వద్దన్నాను

విశాఖలో అల్యూమినియం వెల్డర్లకి కొరత లేదు. షిప్‌యార్డు ఉన్న ఊరు, చేతిలో మంచి పనితనం ఉన్నవాళ్లు దొరుకుతారు. కాబట్టి నా అభ్యంతరం వెల్డర్ గురించి కాదు, ఈ రేకు గురించి.

అల్యూమినియం సుమారు 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాని పైనున్న ఆక్సైడ్ పొర కరగాలంటే రెండు వేల డిగ్రీలు దాటాలి. పై పొర కరిగేలోపు కింద లోహం నీళ్లయిపోతుంది. మందపాటి కొత్త ప్లేటు మీద ఆర్గాన్ వాయువుతో, ఏసీ టిగ్ వెల్డింగ్ మీద దీన్ని అదుపు చేయొచ్చు. 1.6 మిల్లీమీటర్ల పాత రేకు, అతుకుల మధ్య ఏళ్ల నాటి ఉప్పు, నూనె, తారు, సిలికాన్ ఉన్నప్పుడు ఆ చెత్తంతా వేడికి ఆవిరై వెల్డులో బుడగలవుతుంది. కుట్టు అందంగా కనిపించినా స్పాంజిలా ఉంటుంది. వేడికి రేకు వంకర తిరిగి పక్కనున్న మంచి రివెట్లు కూడా వదులవుతాయి, మడతల్లో మిగిలిన పాత సీలెంట్ కాలిపోతుంది. రేకు ఏ గ్రేడో చెప్పే ప్లేటు కూడా లేదు. పడవల రేకుల్లో 5052 లాంటివి వెల్డింగ్‌కి బాగా లొంగుతాయి, కానీ కొన్ని గ్రేడులు వెల్డ్ పక్కనే పగులుతాయి. తెలియని రేకు మీద జూదం ఆడటం నాకిష్టం లేదు. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందంతో మొదటి నుంచీ వెల్డింగ్ మీదే కట్టిన బోటు అయితే నేనే వెల్డర్‌ని పిలిచేవాణ్ని.

మాస్టారు ఇదంతా విని, "అయితే దీనికి మందు మాత్రలూ ఆపరేషనూ రెండూ కావాలంటావు" అన్నారు. అవునన్నాను.

పాతది తీయడం

ఈ కేసులో ఎక్కువ కూలి తిన్నది ఇదే. తారు కిరోసిన్‌కి లొంగింది, ఆ తర్వాత అసిటోన్‌తో తుడిచాం. పుట్టీ ఉలికి వచ్చేసింది. సిలికాన్ మాత్రం ప్రాణం తీసింది. పైది గీకేసినా కంటికి కనిపించని పొర మిగులుతుంది, దాని మీద ఎపాక్సీ కాదు కదా ఇంకో సిలికాన్ కూడా సరిగా పట్టదు. ప్లాస్టిక్ గీకుడు పలక, గరుకు కాగితం, అసిటోన్, మళ్లీ గరుకు కాగితం. చివర్లో నీళ్లు చల్లి చూడాలి. నీరు పొరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు, గుళ్లు గుళ్లుగా విడిపోతే ఇంకా సిలికాన్ ఉన్నట్టు. పడవ అడుగున సిలికాన్ పూసే మెకానిక్‌కి ఆ పడవని మళ్లీ శుభ్రం చేసే శిక్ష వేయాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

కొందరు పెయింటు ఊడగొట్టడానికి కాస్టిక్ సోడా వాడతారు. అల్యూమినియం మీద దాన్ని పోయొద్దు. లోహాన్నే తినేస్తుంది, పైగా హైడ్రోజన్ వదులుతుంది. ఇనుప వైర్ బ్రష్ కూడా వద్దు. దాని ముక్కలు రేకులో గుచ్చుకుని అక్కడే తుప్పు మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ బ్రష్ వాడాలి, అదీ ఇంతకుముందు ఇనుము మీద వాడనిది.

రివెట్లు

వదులైన రివెట్లన్నిటినీ పీకేయక్కర్లేదు. చిల్లు గుండ్రంగానే ఉండి రివెట్ మాత్రం వదులైతే, దాన్ని మళ్లీ కొట్టి బిగించొచ్చు. దీనికి ఇద్దరు కావాలి. బయట ఒకరు రివెట్ గుండ్రటి తలకి సరిపోయే గుంట ఉన్న బరువైన ఇనుప దిమ్మెని గట్టిగా ఆనించాలి, లోపల ఇంకొకరు తోక (రివెట్ రెండో కొస) మీద సుత్తితో కొట్టాలి. చిన్నవి, నిటారైనవి, కొన్ని దెబ్బలు చాలు. ఊపు వచ్చింది కదా అని కొడుతూ పోతే రివెట్ గట్టిపడి పగులుతుంది, లేదా చుట్టూ రేకు పళ్లెంలా లోపలికి దిగుతుంది. శబ్దం చెబుతుంది. వదులు రివెట్ మీద దెబ్బ బోలుగా మోగుతుంది, బిగిసాక కణకణమంటుంది. బయట దిమ్మె పట్టుకున్నవాడి చేతికి ఈ తేడా ఇంకా ముందే తెలుస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాణ్ని బయట పెట్టి, కుర్రాడికి సుత్తి ఇస్తాను. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

నడుమ రెండు వరుసల్లో సగానికి పైగా చిల్లులు సాగిపోయి ఉన్నాయి. అవి కొట్టినా బిగియవు. తల మధ్యలో పంచ్ పెట్టి, తల లోతు వరకే డ్రిల్ చేసి, ఉలితో తల ఎగరగొట్టి, మిగతా కాడని పంచ్‌తో లోపలికి తోసేశాం. అసలు రివెట్ 4.8 మిల్లీమీటర్లది, అంటే అంగుళంలో పదహారో వంతులు మూడు. సాగిన చోట పావు అంగుళానికి పెంచాం. కాడ పొడవుకి నా లెక్క: కలిపే రేకుల మొత్తం మందానికి రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు కలపాలి. రెండు 1.6 రేకులకి 4.8 రివెట్ అయితే 3.2కి 7.2 కలిపి సుమారు పదిన్నర మిల్లీమీటర్లు. కొట్టాక తోక వెడల్పు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉంటే సరిగ్గా కూర్చున్నట్టు.

ఊళ్లో హార్డ్‌వేర్ కొట్లో రివెట్ అని అడిగితే పాప్ రివెట్ చేతిలో పెడతారు. మామూలు పాప్ రివెట్ మధ్యలో గొట్టంలా ఉంటుంది, లోపలి మేకు తెగి రాలిపోతే అదే ఒక చిల్లు. ఈ పడవలో ఇదివరకటి మెకానిక్ వేసినవి అవే, మేకులు కూడా ఇనుపవి. లీకు ఆపడానికి వేసిన రివెట్ నుంచే నీరు రావడం చూసి మాస్టారు నవ్వలేక నవ్వారు. గట్టి రివెట్ల కోసం ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టేవాళ్ల దగ్గరికి వెళ్లాలి. అయితే వాళ్లు వాడేవి కొన్ని మరీ మెత్తటి అల్యూమినియం. పక్క గోడలకి పర్లేదు, కీల్ వరుసకి నేను వాడను. కీల్‌కి 5056 గ్రేడు అని గట్టిగా అడిగి తెప్పించాను. ముక్కు దగ్గర డెక్కు కింద చెయ్యి దూరని చోట మాత్రం మూసిన కొస ఉండే పాప్ రివెట్లు వేశాం. వాటికి అడుగు మూసే ఉంటుంది కాబట్టి నీరు దూరదు. ప్రతి రివెట్‌నీ పెట్టే ముందు పాలీయురెథేన్ సీలెంట్‌లో ముంచాం.

పగులుకి రెండు కొసల్లో 3 మిల్లీమీటర్ల చిల్లు వేశాం. పగులు కొస సూదిలా ఉన్నంతకాలం ఒత్తిడంతా అక్కడే చేరి ముందుకి సాగుతుంది, గుండ్రటి చిల్లు పడితే ఆగుతుంది. కొస ఎక్కడుందో కంటికి నమ్మకంగా తెలియదు. రంగు నీళ్లు పూసి తుడిస్తే పగుల్లో రంగు మిగిలి దారి చూపిస్తుంది. తర్వాత లోపలి వైపు మూలలు గుండ్రంగా కోసిన రేకు అతుకు, మధ్యలో సీలెంట్, చుట్టూ రివెట్లు. రాగి తీగ చేసిన చిల్లుకీ అదే వైద్యం.

బల్ల

ఇక్కడే మాస్టారితో కాస్త వాదన జరిగింది. బల్ల వేస్తే ఐస్‌పెట్టె ఎక్కడ పెట్టాలి? చేపలు పాడైతే పడవ ఎందుకు? ఆయన ప్రశ్న న్యాయమైనదే, పాత యజమాని ప్రశ్న కూడా అదే అయి ఉంటుంది. కానీ బల్ల వేయకపోతే మిగతా పని చేయనని చెప్పాను. డబ్బు తీసుకుని ఏడాది తిరగకుండా అదే పడవని మళ్లీ చూడటం నాకు ఇష్టం లేదు.

చివరికి కుదిరింది ఇది: 2 మిల్లీమీటర్ల 5052 రేకుని ఆటోనగర్‌లో బెండింగ్ మెషీన్ మీద వంచి, పెట్టెలాంటి బల్ల చేయించాం. రెండు కొసలు యాంగిళ్లతో (ఎల్ ఆకారపు పట్టీలతో) పక్క గోడలకి, కింది అంచు రిబ్బులకి రివెట్ చేశాం. లోపల బోలు, పైన మూత. ఐస్‌పెట్టె కొంచెం చిన్నది కొనుక్కుంటే అందులోనే కూర్చుంటుంది. గోడకి యాంగిల్ కలిసే చోట ఒకే రివెట్ మీద భారం పడకుండా లోపల పొడవాటి పట్టీ వేశాం. లేకపోతే ఇంకో పగులు అక్కడ మొదలవుతుంది.

బల్ల బిగించాక, సీలింగ్ ఇంకా మొదలే కాకముందు, మీటతో మళ్లీ నొక్కి చూశాను. అంతకుముందు బొటనవేలి మందం ఊగిన రేకు ఇప్పుడు దాదాపు కదల్లేదు. మాస్టారి చేతికి మీట ఇచ్చి ఆయన చేతే నొక్కించాను. ఆ తర్వాత ఐస్‌పెట్టె ప్రస్తావన రాలేదు.

సీలింగ్

లీకుని ముందుగా ఆపాల్సింది బిగించిన రివెట్టే, కొత్తగా వేసిన సీలెంట్ కాదు. సీలెంట్ మిగిలిన సన్నని సందుకి మాత్రమే. ఈ వరస తప్పితే ఖరీదైన ట్యూబు కూడా దండగ.

అడుగు లోపలి అతుకులకి పల్చటి ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) వాడాం. హాట్ ఎయిర్ గన్‌తో రేకుని చేత్తో ముట్టుకోగలిగినంత వేడి మాత్రమే చేసి, అతుకు వెంట ఎపాక్సీ నడిపిస్తే అది సందులోకి తనంతట తానే పాకుతుంది. రేకు చల్లబడేటప్పుడు ఇంకాస్త లోపలికి లాక్కుంటుంది. దాని మీద రివెట్ తోకలన్నీ కప్పుతూ, విరగకుండా సాగే రకం ఎపాక్సీ పట్టీలా పూశాం. గట్టిగా రాయిలా అయ్యే రకం ఇక్కడ పనికిరాదు, ఎండకి సాగి చలికి ముడుచుకునే రేకు మీద అది పగులుతుంది.

ఇందులో ఒక కిటుకుంది. అల్యూమినియాన్ని గీకిన మరుక్షణం నుంచి ఆక్సైడ్ మళ్లీ పడుతూనే ఉంటుంది. గీకి, టీ తాగి వచ్చి పూస్తే ఎపాక్సీ ఆ పొరకే అంటుకుంటుంది, లోహానికి కాదు. అందుకే పల్చగా ఎపాక్సీ పూసి, ఆ తడి మీదే గరుకు కాగితంతో రుద్ది, వెంటనే రెండో పూత వేస్తాం. గీకినచోటికి గాలి తగలదు. చేతులు పాడవుతాయి, గ్లోవ్స్ లేకుండా ఈ పని చేయొద్దు.

మన ఊరి తేమ గురించి ఇంకోసారి చెప్పాలి. ఎపాక్సీ ఆరేటప్పుడు గాలిలో తేమ ఎక్కువైతే పైన జిడ్డు మైనంలాంటి పొర వస్తుంది, దాని మీద పెయింటు పట్టదు. ఉదయం మంచు తడి ఆరాక మొదలుపెట్టి, మధ్యాహ్నం దాటకముందే పూత ముగించాలి. పొర వస్తే మామూలు నీళ్లు, గిన్నెలు తోమే పీచుతో కడిగితే పోతుంది. పాలీయురెథేన్ సీలెంట్‌కి ఇది తలకిందులు. అది తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి ఇక్కడ త్వరగా పైచర్మం కట్టేస్తుంది. ఒకేసారి ట్యూబంతా పిండేసుకుని కూర్చోకూడదు.

మోటారు తగిలించే వెనక పలక సంగతి క్లుప్తంగా. లోపలి ప్లైవుడ్ మెత్తబడి చేత్తో ఊడొచ్చింది. కొత్తది ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై వేశాం. పురుగు పట్టకుండా ఈ ప్లైకి పట్టించే మందుల్లో రాగి లవణాలు ఉండొచ్చు, అవి నేరుగా అల్యూమినియానికి తగిలితే తీగ ముక్క చేసిన పనే చేస్తాయి. అందుకని అంచులతో సహా అన్ని వైపులా ఎపాక్సీ పూసి, బోల్టు చిల్లులు పెద్దవిగా చేసి ఎపాక్సీతో నింపి, అందులో మళ్లీ చిల్లు వేశాం. బోల్టులు 316 స్టెయిన్‌లెస్, కింద నైలాన్ వాషర్లు. ఇత్తడి డ్రెయిన్ ప్లగ్ పీకి నైలాన్‌ది పెట్టాం. మొదట్లో ఊరిన నీటికి కారణం ఆ ఇత్తడి చుట్టూ తినేసిన రేకే. పలక కింది భాగంలో, నీళ్లలో మునిగే చోట, అల్యూమినియం యానోడ్ (రేకుకి బదులు తాను కరిగిపోయే లోహపు దిమ్మె) బిగించాం. గోస్తని మొగలో నీరు ఒక పూట ఉప్పన, ఒక పూట సగం తీపి. అలాంటి నీటిలో జింక్ యానోడ్ మీద పొర కట్టి పనిచేయడం మానేస్తుంది. యానోడ్‌కి పెయింటు వేయకూడదు అని మాస్టారికి రెండుసార్లు చెప్పాను, వేస్తే అది ఉన్నా లేనట్టే.

బయట ఎపాక్సీ ప్రైమర్, పైన పెయింటు. ఎపాక్సీకి ఎండ పడదు కాబట్టి పెయింటు అందం కోసం కాదు. హార్బర్లో తెలిసినవాళ్లు గవ్వలు పట్టకుండా వేసే ఎర్ర పెయింటు కూడా వేయమన్నారు. అందులో చాలావాటిలో ఉండేది రాగి ఆక్సైడ్. చెక్కకీ ఫైబర్‌కీ మంచిదే, ఈ పడవకి విషం. వద్దన్నాను. కొత్త ఫోమ్‌గా నీరు తాగని ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్) దిమ్మెలు, రేకుకి ఆనకుండా కింద కాస్త సందు వదిలి.

తిరిగి పరీక్ష

స్టాండ్ల మీద నీళ్లు పోసి, నిలబెట్టి, ఊపి చూశాం. నడుం పొడి. తర్వాత భీమిలిలో దించి, మనుషుల బరువుకి ఇసుక బస్తాలు వేసి, అడుగున సుద్దపొడి చల్లి మొగ దాకా నడిపాం. పొడి మీద గీత పడితే నీరు ఎక్కడి నుంచి వచ్చిందో తిరిగొచ్చాక చూసుకోవచ్చు. అలలు ముక్కుకి ఎదురుగా తగిలేలా కావాలనే తిప్పించాను.

ఒక్క గీత పడింది, ముక్కు దగ్గర, మూసిన పాప్ రివెట్లు వేసిన చోటికి పైన. అక్కడ మూడు రేకులు ఒకదాని మీద ఒకటి కలుస్తాయి, మడత లోపలికి ఏ పరికరమూ వెళ్లదు. దాన్ని పూర్తిగా ఆపాలంటే డెక్కు విప్పాలి. వచ్చే నీరు ఒక పూటకి గ్లాసెడు ఉండదు. వదిలేద్దామని నేనే చెప్పాను, స్పాంజి ఒకటి పడవలో ఉంచుకోమన్నాను. పాత రివెట్ల పడవ ఎముకలా పొడిగా ఉండాలని పట్టుబడితే ఖర్చుకి అంతు ఉండదు. ఈ మొత్తం పనికి అయిన ఖర్చులో సామాను తక్కువ, కూలి ఎక్కువ. ఆ కూలిలోనూ పెద్ద వాటా పాత రిపేర్లు తీయడానికే పోయింది.

వానాకాలం వెళ్లాక పడవని పైకి లాగించి చూశాను. నడుమ వరుసల్లో మసి చారలు ఎక్కడా లేవు. బల్ల యాంగిళ్లు బిగువుగా ఉన్నాయి. యానోడ్ ఒక పక్క ఎక్కువ కరిగింది. ఆ పక్కనే మోటారు బ్యాటరీ నుంచి వచ్చిన ఒక వైరు తొడుగు చిరిగి రేకుకి ఆనుకుని ఉంది. దాన్ని మార్చి, క్లిప్పులు వేసి, యానోడ్‌ని మరో సీజన్‌కి అలాగే ఉంచాం. ముక్కు దగ్గర ఊట మునుపటిలాగే ఉంది, పెరగలేదు.